నిచ్చెన బిగించిన అద్దం

ఇల్లుబండిలో ఒకరు నిలబడితే ఇంకొకరు కూర్చోవాలి. టీ కాచేటప్పుడు తలుపు తెరిస్తే గాలికి పొయ్యి ఆరిపోతుంది. తెరవకపోతే ఆవిరి కిటికీలకు పట్టి, చుక్కచుక్కగా పరుపు మీదికి దిగుతుంది. ఆ పొద్దున వదిన తలుపు మూసే ఉంచింది. పరుపు ఎలాగూ తడిసే ఉంది.

వాన ముందు రోజు నుంచీ ఆగలేదు. రేకు కప్పు మీద ఆ చప్పుడు మొదట్లో ఎంత బాగుండేదని! పైనెవరో కూర్చుని తమ కోసమే ఇసక చల్లుతున్నట్టు, తాము మాత్రం లోపల వెచ్చగా ఉన్నట్టు. ఇప్పుడు అదే వాన వింటే, ఉతికిన బట్టలు ఇవాళా ఆరవన్న మాటొక్కటే వినిపిస్తోంది.

ఆమెను వదినా అని పిలిచేది ఈ లోకంలో ఒక్కరే. ఆ ఒక్కరూ ముందు సీట్లో కూర్చుని, తుడిచిన బండి ముందద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నారు. భర్త చెల్లెలు. రిటైరయ్యేదాకా బడి బస్సు నడిపింది. పిల్లలు బస్సక్క అనేవారు, ఆ పేరే నిలిచిపోయింది. వదిన ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి రిటైరయింది. ముడత కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి దానంతటదే వెళ్ళి సవరిస్తుంది. ఇల్లుబండిలో ముడత లేని గుడ్డ లేదు.

ఈ బండి వాళ్ళిద్దరిదీ కాదు, నిచ్చెనది, అంటే వదిన మొగుడిది. ఆయన్ని ఊరంతా అలాగే పిలిచేది. ఏ గుమ్మంలోకి వెళ్ళినా ముందు నడుము వంగేది, తర్వాత మనిషి వచ్చేవాడు. బస్సుల బాడీలు కట్టే షెడ్డులో పని. సామాన్లు మోసే పాత వ్యాను ఒకటి కొని, సెలవు దొరికినప్పుడల్లా దానిలో ఒక ఇల్లు కట్టాడు.

"బతుకంతా తల వంచుకునే నడిచాను. నా ఇంట్లో నేను నిటారుగా నిలబడతాను" అనేవాడు.

అన్నట్టే కప్పు ఎత్తు పెంచాడు. అరలు, కొక్కేలు, సింకు, అన్నీ తన కొలతకే బిగించాడు. నీళ్ళ తొట్టి ఒక్కసారైనా నింపకముందే, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మొగుడు పోయాక మిగిలిన ఆ అర్ధం ఒకరోజు వచ్చి, తాళంచెవి ఊపుతూ, "వదినా, పోదామా?" అంది. ఇంట్లో కూర్చుని గోడలు చూడ్డం కన్నా నయమనిపించింది. వెళ్ళారు.

బాగున్న రోజులు లేకపోలేదు. తలగడ పక్క చిన్న కిటికీ తెరిస్తే, నిన్న లేని చెరువు ఇవాళ ఉండేది. ఒకే దుప్పట్లో నాలుగు పాదాలు దూర్చి, గిన్నెలోంచే ఉప్మా తినేవారు. కానీ బండి ఆపిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి కిటికీ మీద తట్టేవారు, ఇక్కడ ఆపకూడదు, ముందుకు పొమ్మని. కూర సగం ఉడికాక గ్యాసు అయిపోయేది. మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చెయ్యడం నీ వంతంటే నీ వంతని రోజూ ఒక పంచాయితీ. అన్నిటికీ మించి, మలుపు తిరిగినప్పుడల్లా ఎక్కడో టకటకమనే చప్పుడు. చెంచాలన్నీ గుడ్డలో చుట్టారు, తలుపులకు అట్టముక్కలు దోపారు. అది మాత్రం దొరకలేదు.

పైగా నిచ్చెన కొలతలు. సింకు వాళ్ళ రొమ్ముల ఎత్తున ఉంది. గిన్నె తోమాలంటే, మొలలోతు నీళ్ళలో నడిచే మనుషుల్లా మోచేతులు పైకెత్తాలి. నీళ్ళ మోటారు స్విచ్చి కప్పు కింద. ఇక అద్దంలో బస్సక్కకు కనుబొమలదాకా కనిపిస్తుంది, వదినకు పాపిట మాత్రమే. అందుకని ఒక స్టూలు కొన్నారు. అది కావలసినప్పుడు కనిపించదు, అక్కర్లేనప్పుడు కాలికే తగులుతుంది.

"అచ్చం మీ అన్నయ్యే" అనేది వదిన దాన్ని తన్నుకున్నప్పుడల్లా.

ఇవాళ ఆమె స్టూలును ఏమీ అనలేదు. సీటు కింద ఆమె సంచీ సర్ది ఉంది. లాండ్రీలో తనతో పనిచేసిన గంజక్క ఒక గది చూసిపెట్టింది. కింది అంతస్తు, సొంత కుళాయి, కదలని నేల. సాయంత్రంలోగా మాట చెప్పాలి. మధ్యాహ్నానికి చేరే ఊళ్ళో రైలు స్టేషనుంది. దిగిపోవాలి. ఆ ముక్క బస్సక్కతో అనడమే మిగిలింది. నాలుగు రోజులుగా నాలుక చివరిదాకా వస్తోంది, టీతో పాటు మింగేస్తోంది. ఎలా చెబుతుంది? మీ అన్న కట్టిన ఇంట్లో నేనుండలేనని అతని చెల్లెలితో అనడం ఎలా?

కప్పులు కడగడానికి లేచింది. మోటారు వెయ్యాలి. స్టూలెక్కి చెయ్యి చాచింది. తడి అరికాలు జారింది. మంచం అంచుకు చెయ్యి కొట్టుకుని, నడవలో కూలబడింది.

బస్సక్క సీట్ల సందులోంచి పాక్కుంటూ వచ్చింది. "కదలకు. వేళ్ళు ఆడించు. ఆడుతున్నాయిగా. విరగలేదు, బెణికింది." తుండుగుడ్డ చింపి మణికట్టుకు కట్టు కట్టసాగింది. బస్సులో ఎంతమంది పిల్లలకు కట్టిందో, ఆ చేతికి తొందర లేదు.

"ఈ చేత్తో ఆ సంచీ ఎలా మోస్తావు?" అంది కట్టు మీంచి తలెత్తకుండా.

వదిన కట్టు వైపే చూసింది. "ఏ సంచీ?"

"ఈ బండిలో పిన్నీసు దాచినా నాకు తెలుస్తుంది వదినా. సంచీ దాచావా? అది అక్కడున్నప్పట్నించీ నా బూట్లకి చోటు లేదు."

వదినకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నడవలో కాళ్ళు చాపడానికైనా చోటు లేక మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "అలిసిపోయానమ్మాయ్. కోపం కాదు. నీ మీద అలుగుదామన్నా ఇక్కడ ఇంకో గది లేదు. నా మొహం నేను చూసుకుని ఎన్నాళ్ళయిందో. పాపిట తెల్లబడటం ఒక్కటే చూస్తున్నా."

"అద్దం కిందికి దించుకోవచ్చుగా."

"మీ అన్నయ్య బిగించింది. నేను ఊడదీస్తే నువ్వు బాధపడవూ?"

బస్సక్క చేతులు ఆగాయి. "నేనా? దాన్ని ముట్టుకుంటే నువ్వెక్కడ ఏడుస్తావోనని, స్టూలెక్కి తల దువ్వుకు చస్తున్నాను."

ఇద్దరూ తలెత్తి అద్దం వైపు చూశారు. కింద కూర్చున్న వాళ్ళకు అందులో కప్పు కనిపించింది, కప్పుకు పట్టిన తేమ కనిపించింది.

బస్సక్క పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసింది. మరలు ఒక పట్టాన రాలేదు. "చచ్చినా వదలడే" అని గొణిగి, చప్పున నాలుక కరుచుకుంది. వదిన ఊడిన మరలను బాగున్న చేత్తో అందుకుంది. అద్దం వచ్చేసింది. దాని వెనక ఏమీ లేదు, ఎండ తగలని చెక్క లేతగా, కొత్తగా ఉంది. వదిన అక్కడ వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ఇటొచ్చి నిలబడు" అంది బస్సక్క పెన్సిలు పట్టుకుని.

"నీ ఎత్తున పెట్టుకో. నేను దిగిపోతున్నాగా."

"నిలబడమన్నానా?"

నిలబడింది. బస్సక్క ఆమె కళ్ళ ఎదుట గీత గీసి, అక్కడే అద్దం బిగించింది. వదిన చూసుకుంది. కళ్ళ కింద సంచులు, ఎండిన పెదవులు, చెవి పక్కన ఎప్పుడొచ్చిందో తెలియని మచ్చ. ఎవరో దూరపు చుట్టం చాలాకాలానికి కనిపించినట్టుంది. పలకరించాలనిపించింది, ఓపిక లేకపోయింది.

"ఇప్పుడైనా ఉంటావా?" బస్సక్క మామూలుగానే అడిగింది, ఉప్పు సరిపోయిందా అన్నట్టు.

"సింకు కూడా దించుతావా?"

"దించుతా."

"నేలని ఆపగలవా, కదలకుండా?"

బస్సక్క స్క్రూడ్రైవరు డబ్బాలో పెట్టి, ముందుకు వెళ్ళి ఇంజను స్టార్టు చేసింది. దారి పొడుగునా ఇద్దరూ టకటక వింటూ కూర్చున్నారు. స్టేషను ముందు దిగి, బస్సక్క సంచీ తనే మోసింది, టిక్కెట్టు తనే తీసింది. రైలు కదిలేముందు, "కట్టు మార్చుకో, తడవనివ్వకు" అంది, అంతే.

ఆ రాత్రి గంజక్క చూసిన గదిలో వదిన తలుపు వేసుకుంది. తలుపు వేసుకుంటే అవతల ఎవరూ ఉండకపోవడం ఎంత సుఖమో. సింకు నడుము దగ్గర ఉంది. మోచేతులు పైకి లేవబోయి, సిగ్గుపడ్డట్టు దిగాయి. పెద్ద మంచం మీద పడుకుంది, ఒక వారగా, రెండో మనిషికి చోటు వదిలి. నేల కదలలేదు. అందుకేనేమో నిద్ర రాలేదు.

ఫోను మోగింది.

"వదినా, ఆ టకటక నీ నోరేమోననుకున్నా. కాదు. ఇంకా వస్తూనే ఉంది."

"పొయ్యి కింది పళ్ళెం చూశావా?"

"చూశా."

 ఫోనులో అవతల రేకు మీద వాన పడుతోంది, ఎవరో ఇసక చల్లుతున్నట్టు. వదిన కళ్ళు మూసుకుని విన్నది.

"అద్దం పైకి జరుపుకున్నావా?"

"లేదు. వంగి దువ్వుకుంటున్నా. నడుము పోతోంది."

"జరుపుకో అమ్మాయ్."

"వానలు తగ్గనీ" అంది బస్సక్క. "నువ్వొచ్చి చూసి, ఉండనంటే అప్పుడు జరుపుతా."

వదిన ఫోను చెవికి ఆనించుకుని అలాగే పడుకుంది. అవతల బస్సక్క కూడా పెట్టెయ్యలేదు. వాన వింటూ వింటూ, ఎప్పటికో వదినకు కన్ను మూతపడింది.