గాలికి ఇబ్బంది

మా సేవాసంఘం పత్రికలో రెండేళ్ళ క్రితం నేనొక యాత్రాకథనం రాశాను. విశాఖలో ఓడరేవు వైపున్న ఒక జాలరిపేటలో ఇంటికో టేబుల్ ఫ్యాను పంచి వచ్చిన సంగతి అది. "ఫ్యాను తిరగగానే నూకాలమ్మ ముఖం వికసించింది" అని ముగించాను. నిజానికి ఫ్యాను తిరగగానే కిటికీ గట్టు మీది బొగ్గుపొడి లేచి ఆమె తట్టలోని ఎండుచేపల మీద పడింది. అది నేను చూశాను. తట్ట ఫొటోలో పడకుండా కొంచెం పక్కకు జరిగి ఫొటో తీశాను.

పేటకు సముద్రం వైపున ఒక ప్రైవేటు బొగ్గు యార్డు ఉంది. గుట్టల మీద కప్పు లేదు. పంపిణీకి ముందు సర్వేకి వెళ్ళినప్పుడు "దేనికి ఇబ్బందమ్మా?" అని అడిగాను. "గాలికే బాబూ" అంది నూకాలమ్మ. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. మా ఇంట్లో నీళ్ళకి ఇబ్బంది అంటే నీళ్ళు లేవని. కాబట్టి గాలి లేదని రాసుకున్నాను. ఆమె అన్నది గాలి వల్ల అని. సంఘం ఫ్యాన్లు కొంది.

ఈ ఏడు పక్క వీధికి కూడా ఫ్యాన్లే అని తీర్మానించారు. కమిటీ మీటింగులో ఆధారంగా నా కథనాన్నే పైకి చదివారు. పంపిణీ ఆదివారం. నూకాలమ్మను మళ్ళీ అడగాలని నేను గురువారమే బయలుదేరాను.

మా ఊరు ఎలమంచిలిలో పొద్దున్న ఏడింటి తరవాత పాసింజరు దొరుకుతుంది. టిక్కెట్టు ధర స్టేషను బయట తిన్న ఇడ్లీ కన్నా తక్కువ. ఇడ్లీ కూడా గొప్పగా ఏమీ లేదు. అనకాపల్లిలో ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ఎక్కి నా ఎదుట కూర్చున్నారు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఆ పేటకా? తెల్ల సొక్కాతోటా?" అన్నాడొకడు.

"ఎల్లినప్పుడు తెలుపే బావా. వొచ్చినప్పుడు సూడాల" అన్నాడు రెండోవాడు.

దువ్వాడలో దిగుతూ ఇద్దరూ నా చొక్కాను మరోసారి చూసి వెళ్ళారు. నా తరవాత ఆ పేటకు వెళ్ళేవారు ముదురురంగు బట్టలు వేసుకోవడం మంచిది.

విశాఖ స్టేషను నుంచి సిటీ బస్సులో పాత పోస్టాఫీసు దగ్గర దిగి పేటకు నడిచాను. పదిన్నర అయింది. నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో నెత్తళ్ళు, అంటే వేలెడంత ఎండుచేపలు, చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"ఏటి బాబూ, మళ్ళీ ఫేన్లా?"

"పాత ఫ్యాను ఏదమ్మా?"

"అచ్చితాపురంలో మా అల్లుడికి ఇచ్చీసినాను. అక్కడ బాగా తిరుగుతన్నాదంట."

పక్కింటావిడ నవ్వింది. "మా ఫేను గోడకి తిప్పీసినాం బాబూ. గోడకి సల్లగా ఉన్నాది."

నూకాలమ్మ గుప్పెడు నెత్తళ్ళు నా అరచేతిలో పోసి మళ్ళీ వెనక్కి తీసుకుంది. చేతిలో నల్ల మరక మిగిలింది. "సూసినారా? మిరియం జల్లినావేటే అని ఎకసెక్కాలాడి సగం రేటుకి అడిగీవోడు సావుకారు. ఈ నెలనించి అసలు రానన్నాడు. ఎండబెట్టడం మానీసి నాను కంపినీలో ఊడ్సడానికి పోవాలి గావాల."

చేపల మీదికి ఒక రేకుల షెడ్డు వేయిస్తామని అన్నాను. ఉదారంగానే అన్నాననుకున్నాను.

"సేపల మీద మూతేస్తే మరి మా పీకల మీదో? పొయ్యి మీదో? అన్నింటి మీదా ఎక్కడేస్తారు బాబూ? ఆ బొగ్గు మీద ఓ మూతెయ్యమనండి, సరిపోద్ది. సోమారం కలకటేరాపీసుకి అర్జీ అట్టుకెల్తన్నాం. పోయినసారి గుమ్మం కాడే నిలబెట్టీసినారు. మీలాటోళ్ళు కూడా ఉంటే కుర్సీ ఏస్తారు."

అక్కడి నుంచే మా అధ్యక్షుడు గారికి ఫోన్ చేశాను.

"ఫ్యాన్లు వచ్చేశాయండీ. బ్యానరు కూడా" అన్నారాయన.

ఫ్యాన్లు వద్దంటున్నారని, అర్జీకి తోడు రమ్మంటున్నారని చెప్పాను.

"మనది సేవ కదండీ, గొడవ కాదు. పైగా అర్జీని ఏమని ఫొటో తీస్తాం?"

నూకాలమ్మకు అంతా వినబడుతూనే ఉంది. "ఆ పెద్దాయన్ని ఓపాలి ఒచ్చి, తెల్ల పంచెతో మా అరుగు మీద కూకోమనండి. మద్దేనం దాకా సాలు" అంది. ఆ మాట యథాతథంగా చేరవేశాను. తరవాత, పత్రికలో నేను రాసింది అబద్ధమని కూడా చెప్పాను.

ఆయన నా కథనంలోని చివరి వాక్యాన్ని ఫోన్లోనే మరోసారి పైకి చదివారు. చివరికి, "అయితే సవరణ వెయ్యాలి. ఫ్యాన్లు కొట్టువాడికి తిప్పి పంపుదాం. సోమవారం నేనూ వస్తాను. నినాదాలు మాత్రం నా చేత ఇప్పించకండి" అన్నారు.

మీరు చదువుతున్నది ఆ సవరణే.

మధ్యాహ్నం పేటలోనే పులుసు, అన్నం పెట్టారు. కంచం మీద కంచం బోర్లించి తెచ్చారు. అక్కడ తినే పద్ధతి అది. పై కంచం కొద్దిగా జరిపి, చెయ్యి దూర్చి ముద్ద తీసుకుని, మళ్ళీ మూసెయ్యాలి. నాకు రెండో ముద్దకే అలవాటైంది. వచ్చేటప్పుడు నూకాలమ్మ నెత్తళ్ళ పొట్లం చేతిలో పెట్టి, "కడుక్కుని తినండి. రొండు సార్లు" అంది.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. చొక్కా బూడిదరంగుకు తిరిగింది. అంతదూరం వెళ్ళి అన్నీ మాట్లాడాను గాని, అసలు మాట అనలేదు. మర్రిపాలెం దాటాక ఫోన్ తీశాను.

"నూకాలమ్మా, ఆ రోజు ఫ్యాను వేసినప్పుడు మీ చేపల మీద ఏం పడిందో నేను చూశాను. చూసి కూడా వేరేగా రాశాను. తప్పు నాది. క్షమించండి."

అవతల హోరు. "ఏటీ? గాలికి ఇనపడ్డం నేదు బాబూ. గట్టిగా సెప్పండి."

లేచి నిలబడి గట్టిగా చెప్పాను. బోగీ అంతా నా వైపు తిరిగింది. మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చెప్పాను.