పసుపు పూసిన సీడీ రైటర్

మొన్న మా మనవరాలికి కొన్న కొత్త లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి, సీడీ ఎక్కడ పెడతారమ్మా అని అడిగితే, అలాంటివి ఇప్పుడు రావని నవ్వేసింది. నవ్వితే నవ్విందిగానీ, మా ఆయనా నేనూ పలాసలో ఫోటో స్టూడియో నడిపిన రోజులు, అందులోనూ రెండువేల మూడులోనో నాలుగులోనో ఒక సీడీ రైటర్‌తో పడ్డ అవస్థ కళ్ళ ముందుకొచ్చాయి. మీలో నా ఈడు వాళ్ళకి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవారు, కంప్యూటర్ పని నాది. ఆ ఏడు దసరా వెళ్ళిన వారానికి భావనపాడు నుంచి ఒకావిడ, ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని, కొంగులో చుట్టిన వీడియో క్యాసెట్టు తెచ్చింది. అది ఆవిడ పెళ్ళి క్యాసెట్టే, తీసింది మా ఆయనే. పాప ఇంకా కడుపులో ఉండగానే భర్త వేటకెళ్ళి సముద్రంలో పోయాడట. పెళ్ళి ఫోటోలు తుఫానుకు తడిసి ముద్దయిపోయాయి కాబట్టి ఆ మనిషి ఆనవాలంటూ మిగిలింది ఆ క్యాసెట్టొక్కటే, దానికీ ఉప్పుగాలికి తెల్లగా బూజు పట్టింది. ఎలాగో తుడిచి, ఒక్కసారి ఆడించి, పెళ్ళంతా కంప్యూటర్లోకి ఎక్కించానో లేదో, టేపు ముక్కలైపోయింది. మా పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు చూస్తే టిక్కుటిక్కుమంటూ నేడో రేపో అన్నట్టుంది. అది ఆగిపోయేలోగా సీడీలోకి దింపకపోతే ఇక ఆ పెళ్ళి ఎక్కడా ఉండదు.

దసరాకని కొని దాచిన కొత్త రైటర్‌ను బిగించి స్విచ్ వేస్తే, కంప్యూటర్ దాన్ని అసలు గుర్తించదే! కేబుల్ మార్చాను, వెనక ఉండే చిన్న జంపర్‌ను మాస్టర్‌లో పెట్టాను, స్లేవ్‌లో పెట్టాను, పాత సీడీ డ్రైవ్ పీకేసి దాని చోట దీన్ని పెట్టాను, తెర మీద దాని పేరు కనబడితే ఒట్టు. టెక్కలి మెకానిక్కుకు ఫోన్ చేస్తే ఆ మహానుభావుడు కొత్త కంప్యూటర్ కొనుక్కోమన్నాడు. ఆవిడ మాత్రం మూడు రోజులూ పొద్దున్నే పాపతో బస్సు దిగి బల్ల మీద కూర్చునేది. "అప్పా, పిల్లకి దాని నాన్నని ఒక్కపాలి సూపించాల, అంతే" అని ఒక్కటే మాట. నాకు అన్నం సయించేది కాదు.

మూడో రోజు రైటర్‌ను బయటకు లాగి కిటికీ వెలుతురులో చూస్తే, కేబుల్ గుచ్చే గూట్లో, సన్నని సూదుల మధ్య, పసుపు గట్టిగా ఎండిపోయి ఉంది. ఆయుధపూజ నాడు మా అత్తగారు కత్తిపీట, కెమెరా, స్కూటర్‌తో పాటు దీనికీ పూజ చేశారు. కుంకుమ బొట్టుతో ఆగారా, గడపకు రాసినట్టు నాలుగు వైపులా తడి పసుపు పట్టించారు. నాకు ఒళ్ళు మండి, స్టూడియో వెనకే ఉన్న ఇంట్లోంచి ఆవిడను పిలిచి గట్టిగానే అనేశాను. "కొత్త సామానికి పసుపెట్టకుండా ఎవులైనా వాడతారేటే?" అన్నారు గానీ, బల్ల మీదున్న తల్లీబిడ్డల్ని చూసి ఆవిడ ముఖం చిన్నబోయింది.

నేను టూత్‌బ్రష్ తెచ్చేలోగా ఆవిడే రైటర్‌ను ఒళ్ళోకి తీసుకున్నారు. మా అత్తగారు ముప్పై ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పొర తీసిన మనిషి, పప్పు విరగకుండా పల్చటి పొర ఒలిచిన చెయ్యి. తలలో పిన్ను తీసి, ఒక్క సూదీ వంగకుండా, కొంచెం కొంచెంగా పసుపంతా గీకేశారు. గంట పైనే పట్టింది. మళ్ళీ బిగించి స్విచ్ వేస్తే తెర మీద రైటర్ పేరు పడింది. అంత మాట అన్నందుకు నాకు సిగ్గేసింది.

సీడీ తయారయ్యాక అక్కడే వేసి చూపించాం. బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు, చుట్టూ బావలూ మావలూ, అంతా నవ్వులూ మేళాలూ. పాప తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి కాసేపు చూసి, "అమ్మా, ఇందల మా నాన్న ఎవులే?" అంది. తల్లి వేలు పెట్టి చూపించింది. మూడు రోజులూ కంటతడి పెట్టని మనిషి అప్పుడు ఏడ్చింది. మా అత్తగారు పాపను దగ్గరకు తీసుకుని, ఆ ముక్క మళ్ళీ వెయ్యమన్నారు. ఎన్నిసార్లు వేశామో నాకే గుర్తు లేదు.

ఇప్పటి పసిబిడ్డలు ఎక్కడో ఉన్న తండ్రిని రోజూ ఫోన్లో చూసి పలకరిస్తున్నారు, చాలా సంతోషం, ఏ బిడ్డకూ అలా అడిగే గతి పట్టకూడదు. నా ఫోన్లోనూ మా ఆయన కనబడే వీడియోలు వంద పైనే ఉన్నాయి. ఆయన పోయి రెండేళ్ళు దాటింది, ఒక్కటీ చివరిదాకా చూడలేకపోయాను. పక్కన కూర్చుని, మా అత్తగారిలా మళ్ళీ వెయ్యవే అనే మనిషి లేకుండా వాటిని చూడడం నాకు చేతకావడం లేదు.