కుట్టని మూల

ఆదోనిలో మా పుట్టింటి పొరుగున ఉండే ఖాలా, నేను ఉర్దూలో పిన్నీ అని పిలిచే మనిషి, పోయిందన్న కబురు ఆదోని బస్సు దిగిన ఒకామె చెబితే తెలిసింది. ఎమ్మిగనూరు నుంచి నేను వెళ్ళేసరికి మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది. ఇక నన్ను దాచేదెవరు?

నవ్వకండి. డెబ్బైల్లో నవల చదివే ఆడపిల్ల మా నాన్న లెక్కలో చెడిపోయిన పిల్లే. "ఇంగోసారి నవల కనపడిందా, ఇస్కూలు మాన్పిస్తా" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషి. మా అక్కను అట్లాగే మాన్పించాడు.

అందుకే లైబ్రరీ పుస్తకాన్ని పరికిణీలో దోపుకుని ఖాలా ఇంటికి పరిగెత్తేదాన్ని. ఆమె పాత చీరలతో బొంతలు కుట్టేది. చదువు రాదు. నేను సూదిలోకి దారం ఎక్కించాలి, పుస్తకం పైకి చదవాలి. వర్ణనలు వస్తే కసురుకునేది.

"మబ్బులు నాకెందుకు మే, ఆ పిల్ల ఇల్లు చేరినాదా లేదా సెప్పు!"

భయం లేని కథ ఉప్పు లేని సంగటి అనేది. కథ చెప్పడం గురించి నాకు తెలిసిందంతా ఆ కసుర్లలోనే తెలిసింది.

ఒక మధ్యాహ్నం వాకిట్లో నాన్న చెప్పుల చప్పుడైంది. ఖాలా నా చేతిలోని పుస్తకం లాక్కుని బొంత పొరల మధ్యకు తోసి, ఆ మూల గబగబా కుట్టేయసాగింది.

"మా పాప యాడుందమ్మా?"

"ఈడనే అన్నా, దారం ఎక్కిస్తాంది."

నాన్న పత్తి మార్కెట్ మనిషి. కళ్ళు మూసుకుని దూది ముట్టుకున్నా రకం చెప్పేస్తాడు. "బాగా మెత్తగా కుట్టినావే" అంటూ లోపలికొచ్చి సరిగ్గా ఆ మూలకే చెయ్యి చాపాడు.

"అయ్యో, సూదుందన్నా! గుచ్చుకుంటాది!"

నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన పోయాక చూస్తే ఖాలా వేలికి రక్తం.

"నాకూ భయమే మే" అంది కుట్లు విప్పుతూ. "సదువు, తర్వాత ఏమైందో."

నా బడి ఆగలేదు. టీచరునయ్యాను. అయినా ఇప్పటికీ చెప్పుల చప్పుడు వింటే చేతిలో పుస్తకం మూసేస్తాను. నా ఇంట్లో, నేను కొనుక్కున్న పుస్తకం!

మొన్న ఖాలా కూతురు ఒక బొంత తెచ్చింది. "అమ్మ ఆఖర్న కుట్టింది అక్కా, నీకే ఇయ్యమన్నాది. సూపు లేక ఈ మూల ఇడిసిపెట్టినట్టుంది. తే, కుట్టిస్తా."

"వద్దు" అన్నాను.

ఆమె పోయాక ఆ మూలలోకి చెయ్యి పెట్టాను. పుస్తకం పట్టేంత చోటు. బయట ఎవరివో చెప్పుల చప్పుడైంది. ఈసారి చెయ్యి బయటికి తీయలేదు.