నొప్పుల మందు

కొండల నడుమ ఉన్న అత్‌బాషీ ఊరి బజారులో కోట్లు బాగుచేసే సైకాల్‌ను ఎరగనివాళ్ళు తక్కువ. జిప్పు ఊడినా, గొర్రెతోలు కోటు చంకలో చిరిగినా మేమంతా ఆమె దగ్గరికే పోతాం.

ఆమె మొదటి బిడ్డ కడుపులో అడ్డం తిరగడంతో ఆపరేషన్ చేసి తీశారు. నాలుగేళ్ళకు మళ్ళీ కడుపొచ్చింది. ఈసారి బిడ్డ తల కిందికే ఉంది గానీ, చెప్పిన తేదీ దాటి వారమైనా నొప్పుల జాడ లేదు.

అత్త ఉల్కాన్‌కు ఓపిక నశించింది. రిటైరైన నర్సు తుర్సున్‌ను ఇంటికి పిలుచుకొచ్చింది. తుర్సున్ సంచిలోంచి నొప్పులు రప్పించే మందు సీసా తీసి, టీ గిన్నెల పక్కన పెట్టింది.

"ఒక్క సూది చాలు. పొద్దుగూకేలోపు బిడ్డ చేతిలో ఉంటుంది" అంది.

"నాకూ ఈమే ఈ సూది పొడిచింది. నీ మొగుడు పుట్టాడు. చూడు, ఎద్దులా లేడూ!" అంది ఉల్కాన్.

మొగుడు మరత్ తల వంచుకుని రొట్టె నములుతున్నాడు.

"అంతకు ముందు మీకు పొట్ట కోశారా అత్తా?" అని అడిగింది సైకాల్.

"లేదు. అయితే ఏంటట?"

"నాకు కోశారు. నొప్పులు మరీ ఉధృతంగా వస్తే లోపలి కుట్టు ఏమవుతుంది తుర్సునక్కా?"

"నా చేతిలో ఎవరికీ ఏం కాలేదమ్మాయ్."

"ఒకవేళ నాకు అయితే, ఈ ఇంట్లో ఏం చేస్తారు?"

సీసా మళ్ళీ సంచిలోకి పోయింది.

"పెద్దవాళ్ళని పోలీసులా నిలదీస్తావేం? సరే, ఊరికే కూర్చో. కాయ పండితే అదే రాలుతుంది" అని విసురుగా లేచింది అత్త.

సైకాల్‌కూ ఊరికే కూర్చోవాలనే ఉంది. కానీ మర్నాడు బిడ్డ కదలిక తగ్గినట్టనిపించింది. మరత్ కారు తీశాడు. కనుమ దాటి పట్నం ఆస్పత్రికి చేరారు.

డాక్టర్ జనిల్ పరీక్ష చేసింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, ఉమ్మనీరే తగ్గింది.

"ఇంకా ఆగడం మంచిది కాదు. నొప్పులు రప్పించి చూడొచ్చు, లేదా ఆపరేషన్ చెయ్యొచ్చు" అంది.

"నొప్పులకి మాత్రలు ఇస్తారటగా?" అంది సైకాల్.

"పాత కోత ఉన్నవాళ్ళకి ఇవ్వను. లోపలికి పోయిన మాత్రను వెనక్కి లాగలేం. ముందు చిన్న బెలూన్ పెట్టి గర్భసంచి నోరు తెరిపిస్తాం. తర్వాత సెలైన్‌లో మందు చుక్కచుక్కగా ఎక్కిస్తాం. తేడా వస్తే ఆపేస్తాం."

"కుట్టు తెగదా?"

"వందమందిలో ఒకరికి తెగుతుంది."

"ఆ ఒక్కరూ నేనైతే?"

"ఆపరేషన్ గది పక్కనే ఉంది, రక్తం సిద్ధంగా ఉంటుంది. అయినా ఏం కాదని మాటివ్వలేను."

"నేరుగా కోసేస్తే?"

"వద్దనను. దాంట్లోనూ రక్తం పోతుంది, కోలుకోవడం ఆలస్యం. కోతలు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పు కష్టం."

సైకాల్ మొగుడి వైపు చూసింది.

"నీ ఒళ్ళు, నువ్వే చెప్పు" అన్నాడతను.

"బిడ్డ ఇద్దరిదీ కదా! భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాకూ వేస్తోంది" అని, డాక్టర్ వైపు తిరిగింది. "నేను ఆపమంటే ఆపుతారా?"

"ఆపుతాను."

"అయితే మొదలుపెట్టండి."

బెలూన్ పని చేసింది. మర్నాడు పొద్దున సెలైన్ పెట్టాక నొప్పులు అందుకున్నాయి. మధ్యాహ్నం దాకా సజావుగానే సాగింది. తర్వాత పొత్తికడుపులో పాత కోత దగ్గర మంట మొదలై, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గలేదు.

"ఇది వేరే నొప్పి. మందు ఆపండి" అని అరిచింది సైకాల్.

నర్సు వెంటనే ఆపేసింది. బిడ్డ గుండె అప్పటికే నెమ్మదించింది, ఆపినా పుంజుకోలేదు. ఆమెను చక్రాల బల్ల మీదే తోసుకుంటూ ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు.

కోసి తీస్తే ఆడపిల్ల. కాస్త ఆలస్యంగా ఏడ్చినా గట్టిగానే ఏడ్చింది. పాత కోత చోటు ఉల్లిపొరంత పలచబడిందట, తెగలేదు.

ఉల్కాన్ గొర్రెమాంసం చారు పట్టుకొచ్చింది. మనవరాలిని చూసి మురిసి, ఆనక కోడలి మీద పడింది.

"చివరికి కోశారుగా! ఆ సెలైన్ బాధంతా ఎందుకు పడ్డట్టు?"

"ఇట్లా అవుతుందని ముందే తెలిస్తే నేనూ కోయమనేదాన్నే అత్తా."

ఉల్కాన్ గిన్నె ముందుకు జరిపింది. "చారు తాగు, చల్లారిపోతుంది" అంది.

ఇంటికి పంపే రోజు డాక్టర్ జనిల్ కచ్చితంగా చెప్పింది. "ఇంకో కాన్పంటూ వస్తే ఈ మందు మాటే ఎత్తొద్దు. నొప్పుల దాకా ఆగకుండా నేరుగా ఆపరేషనే."

"ఇంకో కాన్పెందుకు, ఇద్దరు చాలు" అన్నాడు మరత్, దారిలో కారు నడుపుతూ.

"ఆ మాట నేను చెప్పాలి. ముందు కారు నెమ్మదిగా నడుపు, కుట్లు లాగుతున్నాయి" అంది సైకాల్.