గప్సున్ వదిన పిల్ల దోంగ్జీ

గప్సున్ వదిన అబద్ధమాడగా నేను చూసింది ఒకే ఒక్కసారి. అదీ నా మొహం మీదే ఆడింది. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా కనుమ మీద పూటకూళ్ళ ఇల్లు ఆమెది, దారిన పోయే అందరికీ వదినే. మనిషి పొడుగు, చేతులు పెద్దవి, గొంతు అంతకంటే పెద్దది. తాగి తూలేవాణ్ణి రెక్క పట్టుకుని పడుకోబెట్టేది. గిన్నెలో మెతుకు మిగిలిస్తే మాత్రం ఊరుకునేది కాదు. తడిసిన గడ్డిచెప్పులు గడప దగ్గర వదిలేస్తే, మనం లేచేసరికి వాటిలో ఎండుగడ్డి కుక్కి పెట్టి ఉండేది. పన్నెండేళ్ళుగా అదే పని. ఎక్కడి పిల్ల, ఎవరి కోడలు అని అడిగితే, "తింటావా, పుట్టుపూర్వోత్తరాలు విప్పుతావా?" అని గరిటె చూపించేది.

నేను ఉప్పు మోసేవాణ్ణి. పేరు బే. నోరు మంచిది కాదు, అది నేనే ఒప్పుకుంటాను. భార్య పోయాక నాకు ఇల్లంటూ ఉంటే ఆ పూటకూళ్ళ ఇల్లే. అందుకే జల్లెళ్ళు అమ్మే కిమ్ అక్కడ తేలినప్పటి నుంచీ నాకు వాడంటే పడదు. ముక్ ముక్కలు కోసి పెట్టేటప్పుడు వదిన పెద్ద ముక్క వాడికే వేసేది. మెమిల్ అనే కొండధాన్యపు పిండితో కట్టి, జున్నులా వణికే ఆ ముక్ అంటే మా అందరికీ ప్రాణమే. వాడికే పెద్ద ముక్క ఎందుకట?

ఆ ఇంట్లో విచిత్రాలు చాలానే ఉన్నాయి. రాత్రంతా నడుంలోతు మంచు కురిసినా తెల్లారేసరికి వాకిలి నుంచి ఊట దాకా దారి ఊడ్చి ఉండేది. బియ్యపు కల్లు జాడీలో అడుగు ఎవరూ చూసి ఎరగరు. ఇద్దరు మగాళ్ళు కదిలించలేని తిరగలి పొద్దున్నే చోటు మారి ఉండేది.

"మనలో ఒకడు మనిషి కాదర్రా," అనేవాడు హో తాత. కొండల్లో వేర్లు తవ్వుకునే ముసలాయన. "కొంటెదయ్యం ఎవడో మన మధ్యే కూర్చుని తాగుతున్నాడు."

"నువ్వే అయ్యుంటావు తాతా. ఆ మొహం మనిషి మొహమేనా?" అనేవాడు బొగ్గులు కాల్చే చిల్బొక్.

"నేనైతే ముందు నిన్ను కప్పను చేసేవాణ్ణిరా. కష్టం కూడా ఉండేది కాదు, సగం అయ్యే ఉన్నావు."

నవ్వుకునేవాళ్ళం. కానీ నవ్వు ఆగాక ఒకడి నీడ ఒకడు చూసుకునేవాళ్ళం. కొంటెదయ్యాన్ని మా వైపు పేరు పెట్టి పిలవరు, "కిమ్ గారు" అంటారు. దానికి ముక్ అంటే ప్రాణం, కల్లంటే ప్రాణం. ఇక నేను ఎవర్ని అనుమానించానో వేరే చెప్పాలా?

ఆ ఏడు మంచు మమ్మల్ని అయిదు రోజులు కదలనివ్వలేదు. ఏడాదిలోకెల్లా పొట్టి పగలు, దోంగ్జీ, మేము అక్కడుండగానే వచ్చింది. ఎప్పుడూ ఆ రోజుకి ఎవరిళ్ళకు వాళ్ళం పోయేవాళ్ళం. చిల్బొక్ పెళ్ళాం ముందుచూపుతో వాడి మూటలో ఎర్ర బొబ్బర్లు కట్టి పెట్టింది. దోంగ్జీ నాడు ఎర్ర బొబ్బర్ల జావ కాచి, నాలుగు గుక్కలు తాగి, వాకిలి గుంజలకు పూస్తాం. మనిషి కానిదానికి ఆ జావ తాగడం గానీ, ఆ ఎరుపు దాటడం గానీ చేతకాదు.

"వదినా, పెద్ద కుండ దించు, జావ కాద్దాం," అన్నాడు చిల్బొక్.

వదిన ఆ మూట చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "అక్కర్లేదు. ఇది పిల్ల దోంగ్జీ. ఆవిరి కుడుములు చేస్తాను."

నెల మొదటి పది రోజుల్లో దోంగ్జీ పడితే అది పిల్ల దోంగ్జీ. ఆ ఏడు జావ కాస్తే పసిపిల్లలకు కీడని కుడుములతో సరిపెడతారు. కానీ నేను ఉప్పు మోసేవాణ్ణి. ఏ రోజు ఎక్కడుండాలో నా నడుముకున్న తాడే చెబుతుంది. నెల పుట్టిన నాటి నుంచి రోజుకో ముడి వేస్తాను. ఆ రోజుకి పద్నాలుగు ముళ్ళున్నాయి.

"పద్నాలుగు రోజులైంది వదినా. పిల్ల దోంగ్జీ ఎక్కడిది?"

"నీ తాడు అబద్ధం చెబుతోంది. మొన్న తాగి రెండేసి ముళ్ళు వేసుంటావు."

"తాగితే ముళ్ళు మానేస్తానేమో గానీ ఎక్కువ వేస్తానా?"

"ఇది నా ఇల్లు. నేను పిల్ల దోంగ్జీ అంటే పిల్ల దోంగ్జీయే!" అని కడవలు తీసుకుని ఊటకు పోయింది. వెళ్తూ వెళ్తూ కిమ్ వైపు ఓ చూపు చూసింది. ఆ చూపుతో నా అనుమానం గట్టిపడింది. వాణ్ణి కాపాడటానికే ఇంత బొంకు!

కిమ్ అప్పుడు గోడవారగా పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఆ పక్కనే, వదిన వచ్చేలోపు జావ కాచి వాడికి తాగించి చూద్దామని నేను గుసగుసగా అన్నాను.

"తప్పురా," అన్నాడు తాత. "దొరికాడే అనుకో, ఇక ఈ గడప తొక్కలేడు. ఈ చలిలో ఎక్కడికి పోతాడు?"

"దయ్యానికి చలేంటి తాతా?" అన్నాను.

"జల్లెళ్ళు అమ్మేవాడు దయ్యమెట్లా అవుతాడన్నా?" అని చిల్బొక్ గొణిగాడు. "దయ్యానికి జల్లెడ చూపిస్తే కన్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుందంటారు. వీడు రోజుకి ఆరు అల్లుతున్నాడు!"

"నోరు మూసుకుని నిప్పు రాజెయ్," అన్నాను.

జావ కాచాం. అడుగంటింది కూడా. నేనే వాకిలికి పోయి రెండు గుంజలకీ, గడపకీ దట్టంగా పూశాను. వాడు పారిపోకుండా దారి మూసేశానని నా ధీమా. తర్వాత గిన్నె నింపి కిమ్‌ను లేపి ముందు పెట్టాను. ముగ్గురం వాడి మూతికేసే చూస్తూ కూర్చున్నాం.

కిమ్ కళ్ళు నులుముకున్నాడు. గిన్నె చూశాడు. మమ్మల్ని చూశాడు.

"ఏంటర్రా, ఏం కలిపారు? మొహాలు దొంగల్లా పెట్టారేం?"

"తాగు ముందు," అన్నాను.

తాగాడు. ఇంకోటి అడిగాడు. మూడో గిన్నె కూడా నాకేసి, "ఉప్పు లేదు. ఉప్పు మోసేవాడు కాచిన జావలో ఉప్పు లేకపోవడమేంటి బే అన్నా?" అన్నాడు.

చిల్బొక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. తాత దగ్గొచ్చే దాకా నవ్వాడు. సంగతి తెలిసి కిమ్ కూడా, "నా పేరు చేసిన పాపమా ఇది!" అని నెత్తి కొట్టుకున్నాడు. నా మొహం మాడిపోయింది.

ఆ నవ్వుల మధ్య చిల్బొక్ తలుపు సందులోంచి బయటికి చూశాడు.

"వదిన ఇంకా బయటే ఉందేంటి?"

లేచి చూశాను. ఆమె వాకిలికి పదడుగుల అవతల చీపురు పట్టుకుని, ఊడ్చిన చోటే ఊడుస్తోంది. కడవల్లో నీళ్ళ మీద మంచు పొర కట్టేసింది. భుజాల మీద కూడా మంచు పేరుకుంది. ఎప్పుడు వచ్చిందో ఏమో.

"వదినా, లోపలికి రా, గడ్డకట్టిపోతావు!"

"మీరు తాగండి. నాకిక్కడ పనుంది." గొంతులో ఎప్పటి జోరు లేదు. ఆమె చూసింది నావైపు కాదు. గుంజల వైపు.

పన్నెండేళ్ళలో ఆమె మాతో కూర్చుని ఒక్క ముద్ద తినగా చూశానా? జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుకైనా చూశానా? కొంటెదయ్యమంటే మగవాడే, కిమ్ గారే అని మా బుర్రల్లో పాతుకుపోయింది గానీ, ఆ దారి ఊడ్చేదెవరో ఏనాడైనా ఆలోచించామా? నేను వాకిలి మూసింది పరాయివాడికి కాదు. ఆమె ఇంట్లోకే ఆమెను రాకుండా చేశాను.

తిరిగి చూస్తే లోపలి ముగ్గురూ ఆ గుంజలకేసే చూస్తున్నారు. తాత కుండను అవతలికి నెట్టి, "ఈ జావ నా కడుపుకి పడదర్రా. వెనకవైపు పారబోసి, కుండ మూడుసార్లు కడగండి," అన్నాడు. కిమ్ లేచి కుండెత్తాడు. మూతి కూడా తుడుచుకున్నాడు.

నేను వేడినీళ్ళూ గుడ్డా పట్టుకుని వాకిలికి పోయాను. జావ గుంజలకు రాయిలా గడ్డకట్టింది. గుడ్డతో పోలేదు, చాకుతో గీకాను. చెక్క సందుల్లోది గోళ్ళతో తవ్వాను. వేళ్ళు చిట్లాయి. వదిన చీపురు ఆపి చూస్తూ నిలబడింది.

"ఏం చేస్తున్నావు బే?"

"లెక్క తప్పాను వదినా." నడుముకు కట్టుకున్న తాడు విప్పి ఆమె ముందే ఒక్కొక్క ముడీ లాగేశాను, అయిదు ముళ్ళు. చలికి వేళ్ళు వంగక పళ్ళతో కూడా లాగాను. "చూడు, తొమ్మిదే ఉన్నాయి. ఇది పిల్ల దోంగ్జీయే. తాగి ఎక్కువ వేశాను."

ఆమె చాలాసేపు నావైపు చూసింది. తర్వాత కడవలెత్తుకుని, గుంజకు భుజం రాసుకుంటూ, గడప దాటి లోపలికి నడిచింది.

మరుక్షణం ఇల్లు దద్దరిల్లింది. "నా పెద్ద కుండ మాడగొట్టిన వెధవెవడు?"

"కిమ్!" అన్నాం ముగ్గురం ఒకేసారి.

ఆ పూట ఆవిరి కుడుములు తిన్నాం. ఆమె కూర్చోలేదు, మేము కూర్చోమనలేదు. అందరూ పడుకోబోయే ముందు ఆమె తడిచెప్పులు తీసి వాటిలో ఎండుగడ్డి కుక్కి పెట్టాను. సరిగ్గా కుక్కలేదని పొద్దున్నే తిట్టింది.

ఇది జరిగి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు దోంగ్జీకి మేమెవరం ఇళ్ళకు పోము. నిరుడు ఒక పంతులు అదే రోజు వచ్చి, పంచాంగం తెరిచి, ఇవాళ ఇరవయ్యో రోజు, జావ ఏదీ అని గొడవ చేశాడు. ఆ పుస్తకం ఎలకలు కొట్టిందన్నాడు తాత. కనుమ మీద నెల ఆలస్యంగా పుడుతుందన్నాడు చిల్బొక్. అందరికంటే గట్టిగా అరిచింది కిమ్.

పంతులు నావైపు తిరిగాడు. "నువ్వు రోజులు లెక్కపెట్టేవాడివట కదా, నువ్వు చెప్పు."

నేను తాడు తీసి చూపించాను. దానికి తొమ్మిది ముళ్ళున్నాయి.