తొట్టెలలో గాలి తుపాకి

మనవడికి పాతవీ కొత్తవీ గాలి తుపాకులు సేకరించే పిచ్చి. ఇవాళ ఒకదానికి నూనె పూస్తుంటే, ఆ వాసనకు నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

నా ఈడు వాళ్లకు గుర్తుందా? దేశానికి స్వతంత్రం వచ్చినా మన నైజాం ఊళ్లకు ఇంకా రాని రోజులు. పెన్‌పహాడ్‌లో సిపాయిలు తుపాకుల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. నాయన జొన్నచేలో పిట్టలను కొట్టే గాలి తుపాకిని అమ్మ తొట్టెలలో, చంటి తమ్ముడి బొంత కింద దాచింది. వీపుకు ఒత్తుకుని వాడు ఒకటే ఏడుపు. ఎత్తుకుంటే తుపాకి బయటపడుతుంది.

"ఊపు బిడ్డా, ఆపకు. నాయనను పట్టుకపోతరు," అంది అమ్మ నా చెవిలో.

సిపాయిలు వెళ్లిపోయాక కూడా నేను ఊపుతూనే ఉన్నానట.

మనవడు తుపాకిని నా ఒళ్లో పెట్టి, గుడ్డ తేవడానికి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి నవ్వాడు.

"నానమ్మా, తుపాకిని ఊపుతున్నవేంది?"