పళ్లెం దాటిపోయిన శుక్రవారాలు

నా చిన్నప్పుడు కువైట్‌లో మాకు శుక్రవారమే ఆదివారం. సెలవు ఆ రోజే కాబట్టి తెలుగువాళ్లం మిర్కాబ్‌లో ఒక అద్దె హాల్లో ఆరాధనకు కూడేవాళ్లం. ఏసు చివరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్లకు రొట్టె చేసేది మా పక్కింటి అక్క. ఆమె నర్సు. పులియని పిండి కలిపి, మాడకుండా కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి తెచ్చేది. అక్కడితో ఆమె పని అయిపోయేది. రొట్టె విరవడం, పంచడం మగవాళ్లదే. ఎందుకని అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

మా సంఘంలో, రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేస్తూ, నేను పిన్నీ అని పిలిచే ఒకామె ఉండేది. కడుపులో క్యాన్సర్ ముదిరిపోయింది, ఊరికి పంపే కాగితాలు తేలలేదు. మంచం మీద నుంచి ఆమె కోరింది ఒక్కటే, పోయేలోగా ప్రభు బల్ల తీసుకోవాలని. పాస్టరుగారు రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని వెళ్లారు. అక్కా నేనూ వెంట ఉన్నాం. పనివాళ్లంతా అమ్మా అనే అర్థంలో మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు, పరాయి మగవాణ్ణి లోపలికి రానివ్వనని గేటు దగ్గరే ఆపేసింది. ఆడవాళ్లయితే వెళ్లొచ్చంది.

అక్క చేయి చాపింది. "ఇలా ఇచ్చేయండి పాస్టరుగారూ, నేను పెట్టేసొత్తాను."

"దేవుడి వాక్యం ఒప్పుకోదమ్మా. ఆడమనిషి బల్ల ఇవ్వకూడదు. రేపు దేవుడికి జవాబు చెప్పుకోవాల్సింది నేను" అన్నారాయన. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చెడ్డవాడు కాదు. అయినా సంచీ సర్దుకుని వెనుదిరిగారు. ఆ రోజు ఆయన మీద వచ్చిన కోపం నాకింకా పూర్తిగా పోలేదు.

మర్నాడు అక్క తనే రొట్టె కాల్చి, నల్లద్రాక్ష రసం పిండి, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లింది. కిటికీ లేని ఆ గదిలో ప్రార్థన చేసి, చిన్న ముక్కను రసంలో నానబెట్టి పిన్ని నాలుక మీద పెట్టింది. మింగడానికి పిన్నికి చాలాసేపు పట్టింది.

"ఖలాస్ అమ్మా, ఇంక నాకు బెంగ లేదు" అంది. ఆ వారంలోనే పోయింది.

సంగతి ఎలాగో బయటికి పొక్కింది. పాస్టరుగారు ఆరాధనలో అందరి ముందూ అడిగారు. అక్క లేచి నిలబడింది.

"నేనే ఇచ్చానండి. రేపింకెవరైనా అడిగినా ఇత్తాను."

ఇకమీదట ఇవ్వనని ఒప్పుకునేదాకా ఆమెకు ప్రభు బల్ల లేదని పెద్దలు తేల్చేశారు. ఆమె ఒప్పుకోలేదు. సంఘానికి రావడమూ మానలేదు. రొట్టె చేయడానికి మాత్రం వాళ్లకు ఆమే కావాల్సొచ్చింది. ఆమె చేతి రొట్టె ఉన్న పళ్లెం వరసలో ఆమెను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయేది. అక్క తల వంచుకునేది కాదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇప్పటికీ కువైట్‌లోనే ఆరాధనకు వెళ్తున్నాను. ఆడవాళ్లు బల్ల ఇవ్వొచ్చా కూడదా అన్న వాదన మా సంఘంలో ఇంకా తెగలేదు. పళ్లెం నా దగ్గరికొస్తే ముక్క తీసుకుంటాను గాని, వెంటనే నోట్లో పెట్టుకోను. వరస చివరిదాకా చూస్తాను. పళ్లెం ఎవరినైనా దాటేసి వెళ్లిపోతే నా ముక్కే విరిచి సగం ఇస్తాను. ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలో అక్క దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాను.